నరాల నొప్పి గోలీలు ఒంటికి పడకపోతే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు

పోయినేడాది వానాకాలంలో ఒకరోజు పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగాల్సినదాన్ని మియాపూర్‌లో తేలాను, సెక్యూరిటీ అమ్మాయి భుజం తట్టి "అమ్మా లాస్ట్ స్టేషన్" అంటే గానీ మెలకువ రాలేదు, ఒళ్ళో టిఫిన్ బాక్స్ అలాగే ఉంది, నాలుక ఎండిపోయి అంగిట్లో అతుక్కుపోయింది. ఆఫీసుకి ఫోన్ చేసి ఒంట్లో బాలేదని చెప్పి అదే మెట్రోలో వెనక్కొచ్చి, వచ్చిన కోపంలో ఆ నరాల గోలీలన్నీ తీసి డస్ట్‌బిన్‌లో పడేసా. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన రెండో పెద్ద తప్పు అది. మొదటి తప్పు ముందు చెప్పాలి.

నాకు ఎడమ పక్క డొక్క మీద అక్కి వచ్చింది, డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అంటారు, చిన్నప్పుడు వచ్చిన అమ్మవారి (చికెన్‌పాక్స్) వైరస్సే నరంలో దాక్కొని వయసు మీదపడ్డాక మళ్ళీ లేస్తుంది. మా అత్తమ్మ ఊళ్ళో కుమ్మరాయనతో ఎర్రమట్టి రాయిస్తే పోతుందని పట్టుబట్టింది, సరే పెద్దావిడ మాట అని వెళ్ళాం, నాలుగు రోజులు అలా గడిచిపోయాయి. దద్దుర్లు లేచిన 72 గంటల్లోపు యాంటీవైరల్ గోలీలు మొదలుపెడితేనే వాటి పని బాగుంటుందని తర్వాత తెలిసింది. పొక్కులు మాడిపోయాయి, మచ్చలు కూడా పోయాయి, నొప్పి మాత్రం మూడు నెలలు దాటినా పోలేదు. మంట, మధ్యమధ్యలో కరెంట్ కొట్టినట్టు జివ్వుమనడం, ఫ్యాన్ గాలి తగిలినా జాకెట్టు గుడ్డ రాసుకున్నా ప్రాణం పోయినట్టుండేది. దీనికే ప్రీగాబలిన్ 75 మిల్లీగ్రాములది పొద్దున ఒకటి రాత్రి ఒకటి, పైన పడుకునే ముందు అమిట్రిప్టిలిన్ 10 రాశారు. ఆ గోలీల మీదే మియాపూర్ దాకా వెళ్ళింది.

ఇప్పుడు రెండో తప్పు గురించి. గోలీలు పడేసిన రాత్రి చెమటలు, నిద్ర లేదు, గుండె దడ, కడుపులో తిప్పడం, మర్నాడు విరేచనాలు, మూడు రాత్రులు నరకం చూశా, నొప్పి కూడా ముందుకంటే ఎక్కువైంది. అప్పుడు ఇంకో జబ్బేదో వచ్చిందనుకున్నా. కాదు, నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్, గాబాపెంటిన్, డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్, ట్రమడాల్, కార్బమజెపిన్ ఇవేవీ టక్కున ఆపేవి కాదు. ప్రీగాబలిన్ అయితే తక్కువలో తక్కువ వారం రోజులు పట్టి మెల్లగా దించుతారు, ఎక్కువ డోసు మీద ఎక్కువ కాలం ఉన్నవాళ్ళకి ఇంకా నెమ్మదిగా. కాబట్టి మందు పడట్లేదు అనిపిస్తే చేసే మొదటి పని ఆపెయ్యడం కాదు, ఫోన్ చేసి అడగడం. ఒంటి నిండా దద్దుర్లు, మొహం వాపు, ఊపిరాడకపోవడం లాంటివైతే మాత్రం వేరు, అది చివర్లో చెప్తా.

ఇంకోటి, ఆశ ఎంత పెట్టుకోవాలో తెలిస్తే సగం కోపం తగ్గుతుంది. గాబాపెంటిన్ మీద చాలా ట్రయల్స్ కలిపి చూస్తే అక్కి తర్వాతి నొప్పిలో, షుగర్ నరాల నొప్పిలో పదిమందిలో ముగ్గురు నలుగురికి నొప్పి సగానికి తగ్గింది, ఉత్తుత్తి గోలీ వేసుకున్నవాళ్ళలో పదికి ఒకరిద్దరికి తగ్గింది. అంతే మరి. ఏ గోలీ అయినా నొప్పి మాయం చేస్తుందని ఎవరన్నా అంటే నమ్మకండి. పదికి ఎనిమిదిలో ఉన్న నొప్పి నాలుగుకొస్తే మనం గెలిచినట్టే లెక్క, నేనైతే ఐదుకొచ్చిన రోజు స్వీట్ తిన్నా.

సరే, ఇక నాకు పనికొచ్చింది చెప్తా. మా వంటింట్లో కిరాణా షాపాయన ఇచ్చిన గోడ క్యాలెండర్ ఉంది, పెద్ద పెద్ద గళ్ళది, దాంట్లో పాల ప్యాకెట్ల లెక్క రాస్తా. గోలీలు మళ్ళీ మొదలయ్యాక ఆ గడిలోనే కింద మూల నొప్పి నంబర్ రాయడం మొదలుపెట్టా, సున్నా నుంచి పదిలో ఎంత అని, పొద్దున ఒకటి రాత్రి ఒకటి. పక్కన అక్షరాలు. మ అంటే మత్తు, తూ అంటే తూలడం, నో అంటే నోరెండటం, వా అంటే కాళ్ళ వాపు, మో అంటే మోషన్ అవ్వలేదు. అక్షరం పక్కన టైమ్. ఇంతే, దీనికి యాప్‌లు గీప్‌లు అక్కర్లేదు, యాప్ పెట్టుకుంటే నాలుగో రోజు మర్చిపోతాం, పాల లెక్క మాత్రం ఏ ఆడదీ మర్చిపోదు. రెండు వారాలకి ఆ పేజీ ఫోటో తీసి చూస్తే నాకే ఆశ్చర్యం, "మ 10:30", "మ 10", "మ 11", ఇలా దాదాపు రోజూ పొద్దున వేసుకున్న రెండు మూడు గంటలకే మత్తు, సాయంత్రానికి మత్తు పోయి నొప్పి 7. అంటే గోలీ చెడ్డది కాదు, టైమ్, డోసు నాకు కుదరలేదు.

ఈ ఫోటోతోనే డాక్టర్ దగ్గరికి వెళ్ళా. పంజాగుట్ట నిమ్స్ అయినా గాంధీ అయినా ఉస్మానియా అయినా న్యూరాలజీ ఓపీ అంటే ఎంత జనమో తెలిసిందే కదా, మన వంతు వచ్చాక దొరికేది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో "చాలా బాధగా ఉంది సార్" అంటే ఆయన కూడా ఏం చెయ్యలేడు, డోసు పెంచి పంపిస్తారు. నేనైతే కూర్చోగానే మూడే ముక్కలు చెప్పా, సార్ నొప్పి ఎనిమిది నుంచి ఆరైంది, పొద్దున గోలీ వేసుకున్నాక పదిన్నరకి కళ్ళు మూతలు పడుతున్నాయి, నేను ఉద్యోగానికి పోవాలి. ఆయన క్యాలెండర్ ఫోటో చూసి నవ్వి, పొద్దున 75 తీసేసి 25 చేశారు, రాత్రిది అలాగే ఉంచారు, రెండు వారాల తర్వాత చూద్దామన్నారు. అమిట్రిప్టిలిన్ పడుకునేటప్పుడు కాకుండా రాత్రి ఎనిమిదికే వేసుకోమన్నారు, అలా వేసుకుంటే పొద్దున లేచాక ఉండే మొద్దు మత్తు తగ్గుతుందని. నిజంగానే తగ్గింది.

నాకు సరిపోయింది మీకు సరిపోతుందని కాదు, నా డోసు చూసి మీరు మార్చుకోవద్దు. కాకపోతే ఏ మందుతో ఏ గొడవ వస్తుందో, డాక్టర్ని ఏం అడగొచ్చో తెలిసి ఉంటే మేలు. ప్రీగాబలిన్, గాబాపెంటిన్‌తో మత్తు, తూలు, కళ్ళు మసక, బరువు పెరగడం, పాదాల వాపు. ఇవి కిడ్నీల గుండా బయటికి పోతాయి, కిడ్నీ వీక్‌గా ఉన్నవాళ్ళకి మామూలు డోసే ఎక్కువైపోతుంది, కాబట్టి ఈమధ్య క్రియాటినిన్ చూపించుకోకపోతే "ఒకసారి టెస్ట్ రాస్తారా" అని అడగండి, పెద్దవాళ్ళ విషయంలో మరీను. షుగర్‌కి పియోగ్లిటజోన్ వాడేవాళ్ళకి దీంతో కలిసి వాపు, బరువు ఇంకా పెరుగుతాయి. అమిట్రిప్టిలిన్‌తో నోరెండటం, మలబద్ధకం, ప్రోస్టేట్ సమస్య ఉన్న మగవాళ్ళకి ఒంటేలు బిగుసుకుపోవడం, గ్లకోమా ఉన్నవాళ్ళకి, గుండె జబ్బున్నవాళ్ళకి ఇది ఇచ్చేముందు డాక్టర్‌కి ఆ సంగతి తెలియాలి, మనం చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది. దీని బదులు నార్‌ట్రిప్టిలిన్ ఇస్తే కొంతమందికి మత్తు తక్కువ. డులోక్సెటిన్‌తో మొదటి వారం పది రోజులు వికారం, ఖాళీ కడుపున వేసుకోకుండా తిన్నాక వేసుకుంటే తగ్గుతుంది, మామూలుగా 30తో మొదలుపెట్టి 60కి పోతారు, బీపీ చూసుకోవాలి, లివర్ బాలేనివాళ్ళకి, బాగా తాగేవాళ్ళకి ఇవ్వరు. డులోక్సెటిన్ మీద ఉండి ఇంకో డాక్టర్ ట్రమడాల్ రాస్తే నోరు తెరిచి చెప్పాలి, రెండూ కలిస్తే ఒంట్లో సెరొటోనిన్ అనే రసాయనం ఎక్కువైపోయి వణుకు, జ్వరం, కంగారు రావచ్చు. మొహంలో కరెంట్ షాక్‌లు కొట్టే ట్రైజెమినల్ నొప్పికి ఇచ్చే కార్బమజెపిన్‌తో సోడియం పడిపోవడం, ఒంటి మీద ర్యాష్, అందుకే రక్తపరీక్షలు మధ్యమధ్యలో రాస్తారు, డబ్బు గుంజడానికి కాదు. ఒక మందు పడలేదంటే నరాల మందులన్నీ పడవని కాదు. షుగర్ నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, ప్రీగాబలిన్ ఏది ముందు ఇచ్చినా సుమారుగా ఒకేలా పనిచేస్తున్నాయని 2022లో లాన్సెట్ అనే మెడికల్ పత్రికలో వచ్చిన ట్రయల్ ఒకటుంది, కాబట్టి ఏ సైడ్ ఎఫెక్ట్ మన బతుక్కి తక్కువ అడ్డం అన్నది చూసి ఎంచుకోమని అడగడంలో తప్పేం లేదు.

ఇప్పుడు మనవాళ్ళ దగ్గర చాలా ఎక్కువగా జరిగే తప్పు ఒకటి. నడుం నొప్పికి ఆర్థో డాక్టర్ ఒక గోలీ రాస్తాడు, కాళ్ళ మంటలకి షుగర్ డాక్టర్ ఒకటి, న్యూరో డాక్టర్ ఇంకోటి, మూడింటికీ పేర్లు వేరు, రంగులు వేరు, లోపల మందు మాత్రం ఒకటే, ప్రీగాబలిన్ ప్లస్ మిథైల్‌కోబాలమిన్ (బి12 విటమిన్). మా పక్కింటి ఆంటీ అలా రెండు రకాలు కలిపి రోజుకి 300 వేసుకుంటూ బాత్రూమ్‌లో తూలి పడింది, మణికట్టు విరిగింది, అందరూ వయసు అనుకున్నారు. స్ట్రిప్ వెనకాల చిన్నక్షరాల్లో ఉండే పేరు చదవండి, కళ్ళు కనపడకపోతే ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. మెడికల్ షాపాయన ఐదు గోలీలు కత్తిరించి ఇస్తే పేరు ఉన్న ముక్క ఆయన దగ్గరే ఉండిపోతుంది, పేరు, ఎక్స్‌పైరీ ఉన్న ముక్కే కావాలని అడగండి, మొహమాటం వద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న స్ట్రిప్‌లన్నీ ఒక కవర్లో వేసి టేబుల్ మీద కుమ్మరించండి, ఆయుర్వేదం, యునానీ ఏమన్నా ఉంటే అవి కూడా.

ఆ కవర్లో "నరాల బలానికి" అని కొనుక్కున్న విటమిన్ గోలీలుంటే వాటిల్లో బి6, అంటే పైరిడాక్సిన్ ఎంతుందో చూడండి. బి6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే అదే నరాల్ని దెబ్బతీస్తుంది, తిమ్మిర్లు తగ్గాలని వేసుకుంటే తిమ్మిర్లు పెరుగుతాయి, ఇంతకంటే దారుణం ఉందా. బి12 వేరే సంగతి, మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి, పూర్తి శాకాహారులకి అది పడిపోయి కాళ్ళ మంటలు రావచ్చు, టెస్ట్ చేయించుకొని తక్కువుంటే వేసుకోవాలి, అంతేగానీ ఊరికే వేసుకుంటే ఏం రాదు.

చిన్న చిన్నవి ఇంకొన్ని. గాబాపెంటిన్ వేసుకునేవాళ్ళు గ్యాస్‌కి డైజీన్, గెలుసిల్ లాంటివి తాగితే మధ్యలో రెండు గంటలు గ్యాప్ ఇవ్వాలి, లేకపోతే మందు సరిగ్గా ఒంటికి పట్టదు. జలుబు గోలీలు, దగ్గు సిరప్‌లు, నిద్ర గోలీలు కలిస్తే మత్తు రెట్టింపు. ఇక తాగుడు, మన దగ్గర కల్లు సంగతి తెలిసిందే, దాంట్లో అల్ప్రాజోలం కలిపి దొరికిపోయిన కేసులు ఎన్నో, ఈ గోలీల మీద అది పడితే నిద్రలోనే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది, దీంట్లో "కొంచెమే" అనేది లేదు. కొత్త గోలీ మొదలుపెట్టినా డోసు పెంచినా మొదటి రెండు వారాలు బండి తియ్యకండి, మెట్రోలో నిద్రపోతే మియాపూర్‌లో తేలతాం, బండి మీద నిద్రపోతే ఎక్కడ తేలతామో చెప్పక్కర్లేదు. ఎస్ఆర్, ఈఆర్ అని రాసి ఉన్న గోలీలు మందుని మెల్లగా వదిలేవి, వాటిని విరిచి వేసుకోకూడదు. రాత్రి లేచినప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చొని తర్వాత నిలబడాలి.

గోలీ డోసు తగ్గించాలంటే ఆ లోటు ఎక్కడో పూడ్చాలి కదా, నాకు అది చర్మం మీద రాసే వాటితో పూడింది. క్యాప్సైసిన్ క్రీమ్ అంటే మిరపకాయ మంట పుట్టించేదే, రోజుకి మూడు నాలుగుసార్లు రాయాలి, మొదటి వారం మంట మీద మంట, వదిలేద్దాం అనిపిస్తుంది, రెండు నుంచి నాలుగు వారాలు ఓపిక పడితే ఆ నరం సిగ్నల్ ఇవ్వడం తగ్గిస్తుంది. ఆవకాయ కలిపిన చేత్తో కన్ను నలుపుకున్న అనుభవం మన ఆడవాళ్ళందరికీ ఉంటుంది, అయినా నేను క్రీమ్ రాసి ఉత్త నీళ్ళతో చెయ్యి కడుక్కొని కళ్ళజోడు తుడిచి కన్ను తుడుచుకున్నా, గంటసేపు ఏడ్చా. నీళ్ళకి పోదు అది, సబ్బుతో కడగాలి, లేదా గ్లౌజ్ వేసుకొని రాయాలి. పొక్కులు, పుండ్లు ఉండగా రాయకూడదు, రాసే ముందూ తర్వాతా వేడినీళ్ళ స్నానం వద్దు. లిడోకైన్ 5 శాతం ప్యాచ్ ఇంకోటి, 12 గంటలు అతికించి 12 గంటలు తీసెయ్యాలి, ఒంట్లోకి పోయేది చాలా తక్కువ కాబట్టి మత్తు గొడవ ఉండదు, అన్ని షాపుల్లో దొరకదు, ఖరీదు కూడా ఎక్కువే, డాక్టర్ రాస్తే నొప్పి బాగా ఎక్కువున్న రోజులకి దాచుకొని వాడుతున్నా.

గుడ్డ రాసుకుంటేనే నొప్పి అనేవాళ్ళకి రెండు పనులు చెప్తా. పాత వాయిల్ చీర, బాగా ఉతికి ఉతికి మెత్తబడింది, దాని ముక్క జాకెట్టు లోపల ఎడమ పక్క కుట్టు ఒంటికి తగలకుండా లైనింగ్‌లా వేయించా, మా టైలరమ్మ నవ్వింది గానీ వేసిచ్చింది. గుడ్డ వదులుగా ఉంటే కదిలి రాసుకుంటుంది, కొంచెం ఒంటిని పట్టి ఉంటేనే నయం, ఇది నాకు తిరగేసి అనిపించింది మొదట్లో. రెండోది ఫిజియో అమ్మాయి నేర్పింది, రోజుకి మూడు నాలుగుసార్లు ఐదు నిమిషాలు దూదితో ఆ చోట మెల్లగా రాయడం, నాలుగైదు రోజులకి అది ఓర్చుకోగలిగితే మెత్తటి గుడ్డ, ఆ తర్వాత టవల్. నరానికి మళ్ళీ అలవాటు చెయ్యడం అన్నమాట. దెబ్బ తగిలినచోట మనకి తెలియకుండానే రుద్దుకుంటాం చూడండి, ఆ రుద్దుడు నొప్పి సిగ్నల్‌కి వెన్నుపాము దగ్గరే గేటు వేస్తుందని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు 1965లో చెప్పారు, చర్మం మీద సన్నటి కరెంట్ ఇచ్చే టెన్స్ మిషన్ పనిచేసేది కూడా అదే దారిలో. టెన్స్ కొనేముందు ఫిజియో దగ్గర రెండుసార్లు పెట్టించుకొని చూడండి, అందరికీ పనిచెయ్యదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు వాడకూడదు, మెడ ముందు భాగంలో, మొద్దుబారిన చర్మం మీద పెట్టకూడదు.

మొద్దుబారడం అంటే మావారి కాళ్ళు గుర్తొస్తాయి. ఆయనకి పన్నెండేళ్ళుగా షుగర్, అరికాళ్ళ మంటలు, ఒకరోజు నేను ఆఫీసులో ఉండగా బకెట్లో వేడినీళ్ళు పోసుకొని కాళ్ళు పెట్టుకొని టీవీ చూశాడు, వేడి తెలియలేదు, సాయంత్రానికి బొబ్బలు. మంట ఉన్న కాలికి స్పర్శ కూడా ఉంటుందని అనుకుంటాం, ఉండకపోవచ్చు. షుగర్ కాళ్ళకి హాట్ వాటర్ బ్యాగ్ వద్దు, ఐస్ కూడా నేరుగా వద్దు, నీళ్ళు మోచేత్తో చూసి పోసుకోవాలి, రాత్రి పడుకునే ముందు ఫోన్ కెమెరాతో అరికాలు ఫోటో తీసి చూసుకోవాలి. ఎండాకాలం గుడికి వెళ్తే బండల మీద ఉత్త కాళ్ళతో ప్రదక్షిణ వద్దు, మందపాటి సాక్సులు వేసుకోండి, దేవుడేం అనుకోడు. అలాగే చాలా ఎక్కువగా ఉన్న షుగర్‌ని నెల రెండు నెలల్లో ఒక్కసారిగా కిందికి లాగితే కొంతమందికి నరాల నొప్పి కొత్తగా మొదలవడమో పెరగడమో జరుగుతుంది, అలా జరిగితే షుగర్ మందు మానెయ్యకుండా డాక్టర్‌కి చెప్పాలి.

పనుల సంగతి క్లుప్తంగా. నొప్పి తక్కువున్న రోజు ఇల్లంతా సర్దేసి మర్నాడు మంచం పట్టడం మనందరి జబ్బు. నొప్పి మొదలయ్యేదాకా చెయ్యడం కాదు, గడియారం చూసి ఆపాలి, ఇరవై నిమిషాలు పని, పది నిమిషాలు కూర్చోవడం, బాగున్న రోజు కూడా అంతే. సాయంత్రం వాకింగ్ పది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి రెండు నిమిషాలు పెంచా.

ఇవి కనిపిస్తే మాత్రం క్యాలెండర్, అక్షరాలు అన్నీ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి పోవాలి. కార్బమజెపిన్ మొదలుపెట్టిన తొలి వారాల్లో జ్వరంతో దద్దుర్లు, నోట్లో కళ్ళల్లో పుండ్లు. మొహం, పెదాలు వాచడం, ఊపిరాడకపోవడం. ఎంత లేపినా సరిగ్గా లేవనంత మత్తు. ఒంటేలు పూర్తిగా ఆగిపోవడం. నడుం నొప్పివాళ్ళకైతే మలమూత్రాల మీద అదుపు పోవడం, కూర్చునే చోట స్పర్శ పోవడం, కాలు బలం తగ్గడం. ఇంకోటి ఎవరూ బయటికి చెప్పుకోనిది, ఈ గోలీల్లో కొన్నింటితో మనసు కుంగిపోయి చనిపోవాలన్న ఆలోచనలు వస్తాయి, నొప్పి వల్ల కూడా వస్తాయి, ఏదైనా సరే ఇంట్లో ఒకరికి చెప్పండి, డాక్టర్‌కి చెప్పండి, టెలీ మానస్ నంబర్ 14416, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం పడవు. మందు వల్ల గట్టి సైడ్ ఎఫెక్ట్ వస్తే మనం కూడా సర్కారుకి రిపోర్ట్ చెయ్యొచ్చు, 1800-180-3024 టోల్ ఫ్రీ.

నేనిప్పుడు పొద్దున 25, రాత్రి 75 మీద ఉన్నా, క్రీమ్ రోజూ, ప్యాచ్ అప్పుడప్పుడు, నంబర్ మూడు నాలుగు మధ్య, వానలు పడ్డప్పుడు ఐదు. మెట్రోలో ఇప్పటికీ కూర్చోను, నిలబడే పోతా. మావారికి 50 దాటి చాన్నాళ్ళైంది, షుగర్ కూడా ఉంది కాబట్టి అక్కికి వ్యాక్సిన్ వేయించమని డాక్టర్ని నేనే అడిగా, షింగ్రిక్స్ అని మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది, రెండు డోసులు, రెండు నుంచి ఆరు నెలల తేడాతో. ధర వినగానే ఆయన "అబ్బో" అన్నాడు, నా జాకెట్టు లైనింగ్ చూపించా, ఇంకేం మాట్లాడలేదు. మొదటిది అయిపోయింది, రెండోదాని తేదీ క్యాలెండర్‌లో పాల లెక్క కిందే రాసి పెట్టా.